ఏడాది పాటు రోజుకో ఫొటో: మధ్యలో ఆగకుండా పూర్తిచేయడం ఎలా?

"ఏ కెమెరా కొనాలి?", "ఒక రోజు తప్పితే మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలా?", "తీయడానికి ఏమీ కనపడకపోతే ఎలా?" రోజుకో ఫొటో తీద్దామనుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. మొదటిదానికి జవాబు చిన్నది: ఏమీ కొనక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. రెండోదానికి: మొదటికి వెళ్లక్కర్లేదు, కానీ తప్పితే ఏం చేయాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి. మూడోది కింద వివరంగా ఉంది.

ఎవరూ అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది. తీసినవాటిని ఎలా ఏరాలి, ఎక్కడ దాచాలి? అసలు చిక్కు అక్కడే. ఫొటోలు తీయడం ఎవరూ ఒక్కసారిగా ఆపరు. మూడు నెలలు గడిచేసరికి గ్యాలరీలో వేలకొద్దీ పేరుకుపోతాయి, ఏ రోజుకు ఏది ఎంచాలో తేలదు, ఆదివారం చూద్దామనుకుంటారు, ఆ ఆదివారం రాదు. అందుకే ఇక్కడ తీయడం గురించి ఎంత ఉందో, ఏరి దాచడం గురించీ అంతే ఉంది.

ముందు రకం తేల్చుకోండి

ఈ పని రెండు రకాలుగా చేయొచ్చు. ఒకటి డైరీ రకం: ఆ రోజు కంటపడినదాంట్లో ఏదైనా ఒకటి. రెండోది ఒకే ఫ్రేము రకం: ఒకే ముఖం, ఒకే చెట్టు లేదా ఒకే కిటికీ, రోజూ అదే చోటు నుంచి. అమెరికాకు చెందిన జేమీ లివింగ్‌స్టన్ 1979 మార్చి 31న మొదలుపెట్టి 1997 అక్టోబరు 25న చనిపోయేదాకా రోజుకో పోలరాయిడ్ (తీయగానే కాగితం మీద వచ్చే ఫొటో) తీశారు. అది డైరీ. ఇంకో అమెరికన్ ఫొటోగ్రాఫరు కార్ల్ బాడెన్ 1987 ఫిబ్రవరి 23 నుంచి రోజూ తన ముఖాన్నే, ఒకే రకమైన లైటింగులో, ముఖంలో ఏ భావమూ లేకుండా తీసుకుంటూ వచ్చారు. అది ఒకే ఫ్రేము.

డైరీకి సామాను అక్కర్లేదు, కానీ రోజూ కాస్త ఆలోచించాలి. ఒకే ఫ్రేముకు ఆలోచన అక్కర్లేదు, రోజుకు రెండు నిమిషాలు చాలు, కానీ మొదటి రోజు అమరిక పక్కాగా ఉండాలి. రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకోకండి. మొదటిసారైతే డైరీ రకమే నయం. ఫ్రేము ఒక రోజు కాస్త పక్కకు జరిగినా ఏడాది పని చెడదు.

కావలసినవి

- ఫోను లేదా ఏదైనా కెమెరా. ఏది పెట్టుకున్నా ఏడాదంతా దాంతోనే తీయగలగాలి.
- కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డ. ఫోను ఫొటోలు మసకగా, లైట్ల చుట్టూ పొగ కమ్మినట్టు వస్తుంటే చాలాసార్లు కారణం లెన్సు మీది వేలిముద్రే.
- స్థలం: 12 మెగాపిక్సెళ్ల జేపెగ్ (ఫోన్లో మామూలుగా వచ్చే ఫొటో ఫైలు) సుమారు 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. రోజుకొకటి చొప్పున 365 దాచితే జీబీన్నర. రా ఫైళ్లయితే (కెమెరా కుదించకుండా ఉన్నదున్నట్టు దాచేవి) ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 9 జీబీ. ఏరకుండా రోజుకు ఇరవై చొప్పున ఉంచేస్తే 7,300 ఫొటోలు, దాదాపు 29 జీబీ.
- ఫోనుకు బయట రెండో కాపీ ఉంచడానికి కంప్యూటరో, హార్డ్ డిస్కో.
- ఒక చిన్న నోటుబుక్కు, లేదా ఫోన్లో నోట్సు.
- ఒకే ఫ్రేము రకానికి మాత్రం ట్రైపాడ్ లేదా గోడకు బిగించిన స్టాండు, నేల మీద గుర్తులకు రంగు టేపు.

1. నియమాలు ఒక్క పేజీలో రాయండి

తల్లో అనుకుంటే చాలదు. రాయని నియమం నలభయ్యో రోజు రాత్రి పదకొండున్నరకు మీకు అనుకూలంగా మారిపోతుంది. ఇవి రాయండి:

"రోజు" అంటే ఏది? అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకానా, నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకానా? రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు రెండోదే నప్పుతుంది. కానీ అప్పుడు ఫైలులోని తేదీ, మీ లెక్కలోని తేదీ అప్పుడప్పుడు వేరవుతాయి. అందుకే ఫైలు పేరు మీరే పెట్టాలి (ఆరో మెట్టు చూడండి).

మిమ్మల్ని వేరొకరు తీసిన ఫొటో లెక్కలోకి వస్తుందా? కటింగు, రంగుల సవరణ ఎంతవరకు? అడ్డమా, నిలువా? ఫోన్ల సెన్సారు మామూలుగా 4:3, చాలా కెమెరాలది 3:2. రెండూ కలిపి వాడితే చివర్లో పుస్తకమో వీడియోనో చేసేటప్పుడు చుట్టూ నల్ల పట్టీలు వస్తాయి. ఒకే నిష్పత్తి ఎంచుకోండి.

జనవరి ఒకటి దాకా ఆగనక్కర్లేదు. ఏ తేదీన మొదలుపెట్టినా వచ్చే ఏడాది అదే తేదీకి ముందు రోజు పూర్తవుతుంది. ఆ మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే 366 ఫొటోలు.

2. సెట్టింగులు ఒకసారి సరిచేసి వదిలేయండి

తేదీ, టైము సరిచూడండి. ఫోను తనంతట తాను సరిచేసుకుంటుంది. విడి కెమెరా చేసుకోదు. కెమెరా బ్యాటరీ చాలాకాలం తీసి ఉంచితే గడియారం మొదటికి పోవచ్చు. వేరే దేశం వెళ్లినప్పుడు ఫోను టైము మారుతుంది, కెమెరాది మారదు. రెండూ వాడేవాళ్లకు ఒకే సాయంత్రం తీసిన ఫొటోలు రెండు తేదీల్లో పడేది ఇందుకే.

గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. ముఖాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడు ఆపేయండి. ఫొటోతో పాటు రెండు మూడు సెకన్ల కదలికను దాచే సదుపాయం అక్కర్లేకపోతే అదీ ఆపండి, ఊరికే చోటు తింటుంది. సెల్ఫీ తీసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: ముందు కెమెరా ఫొటోను అద్దంలోలాగా తిప్పి దాస్తోందా, లేదా? ఏదైనా ఫరవాలేదు, మధ్యలో మారకూడదు. మారితే ఆ రోజు నుంచి పాపిడి అటు నుంచి ఇటు వచ్చేస్తుంది.

3. మధ్యాహ్నంలోపు ఒక "పూచీ ఫొటో" తీసేయండి

రోజులో మొదటి సగంలోనే ఏదో ఒక ఫొటో తీసిపెట్టుకోండి. బాగుండాలని లేదు. సాయంత్రం ఇంకా మంచిది దొరికితే అది పెట్టుకుంటారు, దొరక్కపోతే ఇదుంటుంది. ఈ ఒక్క అలవాటు లేకపోతే ఏం జరుగుతుందంటే, రాత్రి పడుకోబోతూ గుర్తొస్తుంది, మంచం పక్కన బల్ల, దాని మీద దీపం తీస్తారు. నెలాఖరుకు చూస్తే పది ఫొటోలు అవే.

అలారం పెట్టేటట్టయితే రాత్రికి కాదు, మధ్యాహ్నం ఒంటి గంటకు పెట్టండి. ఇంకా నమ్మకమైనది, రోజూ ఎలాగూ చేసే పనికి దీన్ని ముడిపెట్టడం: బయటికి వెళ్తూ తలుపు తాళం వేశాక, బండి ఆపాక, అన్నానికి లేచేముందు.

4. వెలుతురు తక్కువైనప్పుడు

ఏడాదిలో చెడే ఫొటోల్లో ఎక్కువ భాగం రాత్రి గదుల్లో తీసినవే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

కదలని వస్తువును చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టరు తెరిచి ఉండే సమయం సెకనులో 1/60 వంతుకు మించకూడదు. మాట్లాడుతున్న మనిషికి 1/125, పరిగెత్తే పిల్లలకు 1/500. గదిలో వెలుతురు చాలనప్పుడు ఫోను షట్టరు సమయాన్ని పెంచుతుంది, ఐఎస్‌ఓనూ (వెలుగును ఎంత పెంచి చూపాలన్న సెట్టింగు) పెంచుతుంది. మొదటిదాంతో బొమ్మ చెదురుతుంది, రెండోదాంతో గరుకుగా వస్తుంది. ఎడిటింగులో దీన్ని బాగుచేయడానికి కుస్తీ పట్టేకన్నా తీసేముందు ఇలా చేయండి:

పైకప్పు లైటు ఆర్పి, ఒక్క టేబుల్ ల్యాంపును వస్తువుకు పక్కగా, అర మీటరు దూరంలో పెట్టండి. అంత దగ్గరి నుంచి వచ్చే వెలుగు గది లైటుకన్నా చాలా ఎక్కువ, పైగా నీడలు ఒకవైపే పడి వస్తువుకు ఆకారం వస్తుంది. మోచేతులు బల్లకు ఆనించండి, లేదా ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి టైమరు రెండు మూడు సెకన్లు పెట్టండి. నైట్ మోడు ఒకటి నుంచి మూడు సెకన్ల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు తీస్తుంది, కాబట్టి అది గోడలకు, గిన్నెలకు పనికొస్తుంది, మనుషులకు కాదు.

ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా చారలు పడుతున్నాయా? తప్పు ఫోనుది కాదు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ప్రో మోడులో (సెట్టింగులు మనమే మార్చుకునే మోడు) షట్టరు 1/50 లేదా 1/100కి పెడితే చారలు పోతాయి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

5. తీయడానికి ఏమీ లేని రోజు

అలాంటి రోజులు వారానికి రెండు మూడు వస్తాయి. "ఏం తీయాలి" అని వస్తువు కోసం వెతికితే దొరకదు. వెలుతురు కోసం వెతకండి. ఇంట్లో ఈ నిమిషాన వెలుగు ఎక్కడ పడుతోంది? గోడ మీద ఊచల నీడ, నీళ్ల బాటిల్ గుండా బల్ల మీద పడిన మెరుపు, తెర కింద నుంచి నేల మీదికి వచ్చిన గీత.

ఒకటి చేసి చూడండి. ఒక గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి కిటికీకి చేతి దూరంలో పెట్టండి. వెలుగు పక్కనుంచి పడేలా మీరు నిలబడండి. తెరమీద గ్లాసు అంచును వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజరు (ఫొటో ఎంత వెలుగ్గా రావాలన్నది) అక్కడ ఆగిపోతాయి. ఇప్పుడు ఎక్స్‌పోజరు గీతను కిందికి లాగండి, −0.7 దగ్గరికి. వెనక గది చీకట్లోకి వెళ్లి, అంచు, నీటిమట్టం మాత్రమే మిగులుతాయి. అదే గ్లాసును కిటికీకి నేరుగా ఎదురుగా, ఆ తర్వాత కిటికీకి వీపు పెట్టి తీయండి. ఒకే వస్తువు, మూడు వేరు ఫొటోలు.

ఇంకో దారి: నెలకొక పరిమితి. ఒక నెల చేతులు మాత్రమే, ఒక నెల నేల మీద నుంచి మాత్రమే, ఒక నెల ఒకే రంగు. పరిమితి పెడితే ఎంచుకోవడం తేలికవుతుంది. ఏడాదంతా ఒకటే పెట్టుకుంటే మాత్రం ఆరో వారానికి విసుగొస్తుంది.

మనుషుల్ని తీసేటప్పుడు అడగండి, ముఖ్యంగా ఇతరుల పిల్లల విషయంలో. ఇంటి ఫొటోలు బయట పెట్టేవాళ్లు ఫైలులోని లొకేషన్ తీసేసి పెట్టాలి.

6. ఆ రాత్రే ఒకటి ఎంచి, పేరు పెట్టండి

ఈ మెట్టు దాటేయకండి. మూడు నిమిషాల పని.

ఆ రోజు ఫొటోలన్నీ చూసి ఒక్కటి ఎంచండి. రెంటి మధ్య తేలకపోతే ఏదో ఒకటి తీసుకోండి. రేపు చూద్దామంటే రేపటికి నాలుగవుతాయి. ఎంచినదాన్ని "ఏడాది" అనే విడి ఫోల్డరులోకి కాపీ చేయండి. పేరు ఏడాది-నెల-తేదీ వరుసలో: 2026-03-09. తేదీ-నెల-ఏడాది పద్ధతిలో పెడితే కంప్యూటరు జనవరి 1 పక్కన ఫిబ్రవరి 1 పేరుస్తుంది. ఒంటి అంకెల ముందు సున్నా మరవొద్దు, లేకపోతే కొన్ని ప్రోగ్రాముల్లో 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది.

నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి: ఎక్కడ, ఎవరు. ఆర్నెల్ల తర్వాత సగం ఫొటోల సందర్భం గుర్తుండదు.

వాట్సాప్‌లో మీకు మీరే ఫొటోగా పంపుకుని దాచకండి. సైజు తగ్గుతుంది, ఫైలులో ఉండే తేదీ, కెమెరా వివరాలు పోతాయి. అదే దారిలో పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

7. వారానికోసారి బ్యాకప్

ఆదివారం ఆ ఏడు ఫైళ్లను కంప్యూటరులోకి, వీలైతే ఇంకోచోటికి కూడా. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంటి బయట అన్నది పాత సూత్రం, ఇక్కడా అదే. ఇంటి బయటి కాపీకి క్లౌడ్ సరిపోతుంది.

సింక్ (ఫోనునూ క్లౌడ్‌నూ ఎప్పుడూ ఒకేలా ఉంచడం) వేరు, బ్యాకప్ (విడిగా దాచిన కాపీ) వేరు. సింక్‌లో ఉన్న గ్యాలరీ నుంచి ఒక ఫొటో తుడిస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో కొన్నాళ్లుండి తర్వాత పూర్తిగా మాయమవుతుంది. క్లౌడ్‌లో ఉంది కదా అని ఫోను ఖాళీ చేసేముందు ఆ సంగతి చూసుకోండి.

8. లెక్క, తనిఖీ

ఫోల్డరులో ఫైళ్ల సంఖ్య ఎన్నో రోజుతో సరిపోవాలి. జనవరి 1న మొదలుపెట్టి, లీపు సంవత్సరం కాకపోతే: జనవరి చివరికి 31, ఫిబ్రవరికి 59, మార్చికి 90, జూన్‌కు 181, సెప్టెంబరుకు 273. ఒకటి తక్కువొస్తే ఆ వారమే పట్టుకోవచ్చు. డిసెంబరులో లెక్కపెట్టి మూడు తక్కువున్నాయని తెలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

నెలాఖరున ఆ నెల ఫొటోలన్నీ చిన్న బొమ్మలుగా ఒకే తెరమీద చూడండి. విడిగా చూస్తే కనిపించని జబ్బులు ఇక్కడ బయటపడతాయి. అన్నీ నిలబడి కంటి ఎత్తు నుంచే తీసినవా? విషయం ప్రతిసారీ నట్టనడుమేనా? అన్నీ రెండు మీటర్ల దూరం నుంచేనా? ఒక్క మనిషైనా ఉన్నారా? కనిపించిన జబ్బుల్లో ఒక్కటే ఎంచుకుని వచ్చే నెల దాన్నే సరిచేయండి. కళ్లు సగం మూసి చూస్తే చీకటి మచ్చల్లాగా కనిపించేవి రాత్రి గది ఫొటోలు. ఎనిమిదికి మించితే మూడో మెట్టు వదిలేశారన్నమాట.

9. రోజు తప్పితే

జ్వరం వస్తుంది, ప్రయాణం ఉంటుంది, ఊరికే మరిచిపోతారు కూడా. ఆ తేదీ పేరుతో ఒక ఖాళీ బూడిదరంగు ఫ్రేము పెట్టి, నోటుబుక్కులో కారణం ఒక ముక్క రాసి ముందుకెళ్లండి. వరుస చెడదు, లెక్క తప్పదు. కావాలంటే చివర్లో ఒక రోజు పొడిగించుకోవచ్చు, అది కూడా ముందే నియమాల్లో ఉండాలి.

చేయకూడనివి రెండు. మర్నాడు రెండు తీసి ఒకదానికి నిన్నటి తేదీ పెట్టడం ఒకటి. అంతకుముందు రోజుల పాత ఫొటోల్లోంచి తప్పిన రోజుకు సర్దడం రెండోది. ఒకసారి చేస్తే ఎవరికీ తెలియదు నిజమే, కానీ రెండోసారి తేలిక, పదోసారి అలవాటు, ఆ తర్వాత ఈ ఫోల్డరును మీరే నమ్మరు. వరసగా వారం తప్పినా మళ్లీ ఒకటో రోజుకు వెళ్లకండి. మొదటికి వెళ్లినవాళ్లు మళ్లీ అదే చోట జారతారు.

10. ఒకే ఫ్రేము రకం వాళ్లకు

ట్రైపాడ్ కాళ్ల చోట నేల మీద టేపు అంటించి, దాని ఎత్తు కొలిచి రాసిపెట్టండి. కదలని రెండు గుర్తులు ఎంచుకోండి: తలుపు అంచు గ్రిడ్ ఎడమ గీత మీద, కిటికీ మూల కుడి గీత మీద. రోజూ తీసేముందు ఆ రెండూ కలుస్తున్నాయో లేదో చూస్తే చాలు. ముఖమైతే రెండు కళ్లూ గ్రిడ్ పై గీత మీద ఉండాలి.

జూమ్ ముట్టుకోకండి, ఎప్పుడూ 1ఎక్స్ లెన్సే. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును బట్టి ఫొటో రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంటే గోడ ఒకరోజు పసుపు, ఒకరోజు నీలం. దాన్ని ఒకచోట కట్టేయండి. ఆరుబయట చెట్టునైతే ఎక్స్‌పోజరు ఆటోలోనే ఉంచండి, మబ్బు పట్టిన రోజూ ఎండ కాసిన రోజూ ఒకే లెక్క కుదరదు. ఫోను మధ్యలో మారిస్తే ఫ్రేము వెడల్పు మారుతుంది, ఎందుకంటే ప్రతి ఫోను 1ఎక్స్ లెన్సూ ఒకే కోణం చూడదు. అప్పుడు కొత్తదాన్ని కాస్త ముందుకో వెనక్కో జరిపి పాత గుర్తులకు కలపండి.

ఎంచుకునేది ఏడాదిలో మారేదై ఉండాలి. కళాకారుడు తేచింగ్ షే 1980-81లో ఏడాదిపాటు గంటగంటకూ హాజరు గడియారం నొక్కి, నొక్కినప్పుడల్లా సినిమా కెమెరాతో ఒక్క ఫ్రేము తీసుకున్నారు. మొదట్లోనే గుండు చేయించుకున్నారు, జుట్టు పెరగడంలో కాలం కనపడాలని. రోజుకు ఇరవైనాలుగు ఫ్రేములు, అంటే తెరమీద ఒక సెకను. ఏడాది మొత్తం ఆరు నిమిషాలు.

11. పూర్తయ్యాక

వీడియో చేస్తే: ఒకే ఫ్రేము రకానికి సెకనుకు పది ఫొటోలు బాగుంటాయి, మొత్తం 36 సెకన్ల పైచిలుకు. డైరీకి అంత వేగం పెడితే కళ్లు తిరుగుతాయి; సెకనుకు రెండు చొప్పున మూడు నిమిషాలు.

పోస్టరు చేస్తే: నెలకొక వరుస, 12 వరుసలు, 31 నిలువు గడులు. మొత్తం 372 గడుల్లో 7 ఖాళీగా ఉంటాయి, లీపు సంవత్సరంలో 6. ఒక్కో గడి అంగుళంన్నర అయితే కాగితం 46.5 × 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఫైలు 13,950 × 5,400 పిక్సెళ్లు రావాలి. చతురస్రంగా కత్తిరించేటప్పుడు తలలు తెగుతున్నాయేమో వరుస వరుసా చూడండి, సాఫ్ట్‌వేరు నడిమధ్యకే కోస్తుంది. ప్రింటుకిచ్చే ముందు ఒక్క నెల వరుసను మామూలు కాగితం మీద వేయించి చూసుకోండి. తెరమీద బాగున్న రాత్రి ఫొటోలు కాగితం మీద నల్ల గడులైపోతాయి. వాటిని కాస్త తెల్లబరచి అప్పుడు మొత్తం ఇవ్వండి.

ఎంచగా మిగిలిన వేల ఫొటోలను మాత్రం ఇప్పుడే తుడవొద్దు. పోస్టరు చేతికొచ్చి, రెండో డిస్కులోని ఫైళ్లు వేరే కంప్యూటరులో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ఆ పని.